చిన్నమ్మ లెక్కపెట్టిన చుక్కలు

పరిశోధన మూడో ఏట నాకు కామెర్లు వచ్చాయి. హాస్టల్ తిండితో తగ్గవని డాక్టర్ చెప్పడంతో హైదరాబాద్ నుంచి చొప్పదండికి, మా చిన్నమ్మ ఇంటికి వచ్చి పడ్డాను. పథ్యం వండటంలో ఆమెను మించినవాళ్లు లేరని మా అవ్వ నమ్మకం.

బట్టలతో పాటు ఒక కాగితాల చుట్ట కూడా తెచ్చుకున్నాను. వేల ఏళ్ల కింద పేలిపోయిన ఒక నక్షత్రం శిథిలాలను ఉపగ్రహం ఎక్స్-రేలలో తీసిన చిత్రం అది. ఆ కిరణాలు గాలిని దాటి నేల మీదికి రాలేవు కాబట్టి టెలిస్కోపునే పైకి పంపాలి. ఆ ఉపగ్రహం అప్పటికే పనిచేయడం మానేసింది. అది పంపిన సమాచారం మాత్రం మా లాంటి వాళ్లకు మిగిలింది. కాగితం మీద ఒక్కో చుక్క, టెలిస్కోపును చేరిన ఒక్కో ఎక్స్-రే కణం.

ఆ శిథిలాలు ఎక్కడా తెగని నిండు వలయంగా ఉన్నాయని నేను మా ప్రొఫెసర్‌కు చెప్పేశాను. ఆయన సంతోషించి, సదస్సులో చెబుదామన్నారు. ఇక నిరూపించాలి. వలయం లోపలి, బయటి అంచులు గీసి, దాన్ని పన్నెండు ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎన్ని చుక్కలున్నాయో పెన్సిలుతో లెక్కపెడుతున్నాను. కంప్యూటర్ యూనివర్సిటీలో ఉంది, నేను మంచం మీద ఉన్నాను.

చిన్నమ్మ పగలంతా నా ఎదురుగా కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇరవై అయిదింటికి ఒక కట్ట. నాతో మాట్లాడుతూనే కట్టేది, ఒక్కటి తేడా వచ్చేది కాదు. ఓ మధ్యాహ్నం నాకు కళ్లు తిరిగి కాగితం పక్కన పెడితే చెయ్యి చాపింది.

"ఇటు తే బిడ్డా, నేను లెక్కవెడ్త. నువ్వు జర పండుకో."

ఇరవై అయిదు చుక్కలకు ఒక గీత గీసుకుంటూ సాయంత్రానికల్లా ముగించింది. పది ముక్కల్లో మా లెక్కలు కలిశాయి. పడమటి వైపు రెండింటిలో ఆమెకు నాకంటే బాగా తక్కువ వచ్చాయి.

"గీత అవుతలియి గూడ లెక్కల ఏసినవా?" అని అడిగింది.

"దగ్గర్నే ఉన్నయి కద చిన్నమ్మా."

"దగ్గరుంటె లోపలున్నట్టా? నీకు కావాల్నని లోపటికి తెచ్చుకున్నవ్."

నాకు కోపమొచ్చింది. నా చదువేమిటో తెలియని మనిషి నాది దొంగలెక్క అన్నట్టే అనిపించింది. రెండు రోజులు ఆ కాగితం ముట్టలేదు. ఆమె కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు, వేళకు జావ తెచ్చి ఇచ్చేది. మూడో రోజు నేనే పడమటి వైపు నుంచి మొదలుపెట్టి లెక్కించాను. ఆమె చెప్పినన్నే వచ్చాయి. అక్కడ వలయం లేదు. నేను ఉండాలనుకున్నాను, అంతే.

ప్రొఫెసర్‌కు ఉత్తరం రాయడం ఆ జబ్బు కంటే కష్టమైంది. జవాబు వచ్చేదాకా పరేషాన్‌గా తిరిగాను. "సదస్సు సంగతి నేను చూసుకుంటాను. ముందు ఒళ్లు బాగు చేసుకో" అని రెండే వాక్యాలు రాశారు.

తిరిగి వెళ్లాక కంప్యూటర్ కూడా పడమటి వైపు ఖాళీయే చూపించింది. అది ఎందుకు ఖాళీగా ఉందో చెప్పడానికి మరో రెండేళ్లు పట్టింది. చివరికి నా సిద్ధాంత గ్రంథం అదే అయింది.

అది ముగిశాక చొప్పదండి వెళ్తే చిన్నమ్మ అడిగింది. "గా పక్కకు చుక్కలెందుకు లేవంటవ్?"

"పేలినప్పుడు లేచిన అల దేనికన్న తాకితెనే, ఆ తాకినది కాగి ఎక్స్-రేలు వస్తయి. గటుదిక్కు తాకెటందుకు ఏం లేదు చిన్నమ్మా. ఉత్త జాగనే."

"అయితె ఆ అల ఆగలేదన్నట్టు."

"ఆగలే. ఇంకా పోతనే ఉన్నది."

చిన్నమ్మ చాట పక్కన పెట్టింది. "మరి గది కనవడకున్నా ఉన్నదని రాసినవా?" అంది.

రాశానని చెప్పాను.