పీహెచ్‌డీ దరఖాస్తు, ఒక కుడిచెయ్యి

గోదావరిఖనిలో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. బాయిలో, అంటే బొగ్గు గనిలో, దెబ్బతిన్న చేతులకు మళ్లీ పని నేర్పడం నా ఉద్యోగం. తెలంగాణ రావడానికి ముందు రోజులవి. పీహెచ్‌డీకి దరఖాస్తు నింపుతున్నాను. పేరు ముందు డాక్టర్ అని లేకపోతే మా మాట ఎవరూ చెవిన పెట్టరని నాకు ఒళ్లుమంట. పరిశోధన లక్ష్యం అన్నచోట 'గాయపడిన కార్మికుణ్ణి తిరిగి డ్యూటీకి పంపడం' అని రాశాను.

అప్పటికి రెండు నెలలుగా, కుడిచెయ్యి నలిగిన ఒక పెద్దాయన నా దగ్గరికి వస్తున్నాడు. శనగలు ఏరమంటే ప్రతిసారీ జారవిడిచేవాడు. లోపం నా చదువుదే అనుకున్నాను. ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే, వరండాలో కూర్చుని అదే చేతి బొటనవేలితో ఎడమ అరచేతిలో తంబాకు, సున్నం నలుపుతున్నాడు.

వెళ్లి నిలదీశాను.

"నీ కాల్మొక్త బిడ్డా, మంచిగైందని రాయకు," అన్నాడు. "నేను అన్‌ఫిట్ అయితెనే నా కొడుక్కు నౌకరొస్తది. మంచిగైతె నన్నే మళ్ల బాయిల దింపుతరు. గంత పెద్ద సదువు సదువుతవట గదా, నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలె?"

దానికి జవాబు డాక్టరేట్ వచ్చాకైనా దొరుకుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఆయన తువ్వాలను మెడ చుట్టూ వేసుకుని, రెండు చేతులతో ముడివేసి, కుడిచేతిని అందులో పెట్టుకున్నాడు. గట్టి ముడి. నేను నేర్పిందే.