టోపీల టాలివర్‌కి మతిమరుపట!

మొన్న ఆదివారం పేపర్లో మేరియన్ హోటల్ చరిత్ర అని ఒక పేజీ నిండా వేశారు. హోటల్ని కూలగొడుతున్నారు కదా, ఇప్పుడు అందరికీ దానిమీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాలరాతి మెట్లు, ఇటలీ నుంచి తెచ్చిన అద్దాలు, ఏ ప్రెసిడెంటు ఏ గదిలో గురక పెట్టాడో అన్నీ రాశారు. చివర్న ఒక వాక్యం: "భోజనశాల గుమ్మం దగ్గర టోపీలు పుచ్చుకునే ముసలివాడికి మతిమరుపు రావడంతో 1912లో నంబర్లు వేసిన ఇత్తడి బిళ్ళలు పెట్టారు."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ 'ముసలివాడు' మా పక్కింటి ఆంబ్రోస్ టాలివర్. అప్పటికి అతనికి నలభై ఎనిమిదేళ్ళు.

ఆ రోజుల్లో షికాగో పెద్ద హోటళ్ళలో టోపీల పని మన నల్లవాళ్ళదే. చీటీ లేదు, బిళ్ళ లేదు. మధ్యాహ్నం భోజనానికి మూడు వందలమంది దొరలొస్తే మూడు వందల టోపీలూ ఆంబ్రోస్ చేతికిచ్చి లోపలికి పోయేవారు. బయటికొచ్చేసరికి ఎవరి టోపీ వాళ్ళ చేతిలో ఉండేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కటి తారుమారు కాలేదు. నేనూ అక్కడే దుప్పట్లు మార్చేదాన్ని. నా నోరు ఊరుకోదు కదా, ఎలా గుర్తుంటాయి తమ్ముడూ అని ప్రాణం తీసేదాన్ని.

"టోపీ తీసేశాక ఆ మొహంలో ఏం తగ్గిందో చూసుకుంటాను హెస్టరక్కా. అంతే."

"నా మొహంలో ఏం తగ్గుతుంది మరి?"

"నీకేం తగ్గదక్కా. నోరుందిగా!"

ఇక 1912లో ఆ బుధవారం సంగతి. ధాన్యం వ్యాపారుల విందు జరిగింది. బల్లలకి గుడ్డలు మోస్తూ నేను గుమ్మం పక్కనే ఉన్నాను. ఎర్రమొహం వ్యాపారి ఒకడు బయటికొచ్చాడు. ఆంబ్రోస్ అతని గోధుమరంగు టోపీ అందించాడు. అంచు చీకిపోయిన టోపీ.

"ఇది కాదు నాది. అదిగో, ఆ కొత్త బొచ్చు టోపీ."

"అది కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయనది దొరా."

మేనేజర్ క్రౌథర్ పరుగెత్తుకొచ్చాడు. "ఇచ్చెయ్ టాలివర్."

"ఈయనది కాదండీ."

"దొరగారు తనదంటే తనదే! టోపీ ఇస్తావా, ఉద్యోగం వదులుకుంటావా?"

ఇంట్లో నలుగురు పిల్లలు. ఇచ్చేశాడు. పావుగంటకి అసలాయన వచ్చి కేకలు పెడితే ఆ క్రౌథర్ గాడు చేతులు నలుపుకుంటూ, "మావాడు పొరబడ్డాడండీ, ఈ మధ్య మరిచిపోతున్నాడు" అన్నాడు. నా చెవులతో విన్నాను. సోమవారానికల్లా గోడకి ఇత్తడి బిళ్ళలొచ్చాయి. ఆంబ్రోస్‌ని వంటగది వెనక బూట్లు తుడవడానికి పంపారు.

మొన్న ఆ పేపరు నేను చదివి వినిపిస్తే ఆంబ్రోస్ రెండోసారి చదవమన్నాడు. విన్నాక అన్నాడు, "బూట్లు తుడిచినందుకు నేనేనాడూ ఏడవలేదక్కా. రేపు నా మనవలు ఇదే చదువుకుంటారా, తాతకి పని చేతకాలేదని?"

"కోటేసుకో, పద" అన్నాను.

పేపరాఫీసులో మమ్మల్ని తలుపు పక్క బెంచీ మీద కూర్చోబెట్టి రెండు గంటలు మరిచిపోయారు. మతిమరుపంటే అదీ! ఒక్కొక్కరే వస్తున్నారు, టోపీ కొక్కేనికి తగిలిస్తున్నారు, లోపలికి పోతున్నారు. భోజనాల వేళకి అందరూ ఒక్కసారిగా బయటికొచ్చారు. ఆంబ్రోస్ లేచాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి, ఎవరూ అడక్కుండానే కొక్కేల దగ్గర నిలబడి పదకొండుమందికి పదకొండు టోపీలూ అందించాడు. ఒక్కడూ 'ఇది నాది కాదు' అనలేదు.

ప్యాంటుకి పసుపు భుజం పట్టీలు తగిలించుకున్న ఎడిటర్ పకపకా నవ్వాడు. "భలే తాతా!" అని పావు డాలరు అతని అరచేతిలో పెట్టాడు.

"ఆ డబ్బు కాదు, ఆ వాక్యం దిద్దండి" అన్నాను.

"హోటల్ దస్తావేజుల్లో ఉన్నదే వేశామమ్మా."

"ఆ దస్తావేజు రాసింది ఎవరు? ఆ అబద్ధాలకోరు క్రౌథరేగా!"

"ఇరవై ఏడేళ్ళనాటి టోపీ గొడవ ఇప్పుడెవరికి కావాలి?"

"ఎవరికీ అక్కర్లేకపోతే వేసిందెందుకూ?"

ఎడిటర్ గడియారం చూసుకున్నాడు. ఆంబ్రోస్ కొక్కేనికి మిగిలిన ఎడిటర్ టోపీ తీసి, పావు డాలరు అందులో వేసి, అతని చేతికిచ్చాడు. "మీవి మీరు తీసుకోండి దొరా. ఎవరివి వాళ్ళకివ్వడమే నా పని."

వాళ్ళు దిద్దలేదు, దిద్దరు. అందుకే మన చర్చి పత్రికలో నేను రాస్తున్నాను: ఆంబ్రోస్ టాలివర్ ఏనాడూ పొరబడలేదు. మనవలకి ఇది చదివి వినిపించండి. ఆ బొచ్చు టోపీ పట్టుకుపోయినవాడి పేరు కూడా అతనికి గుర్తుంది, కాని రాయొద్దని ఒట్టేయించుకున్నాడు. రాయలేదు. నోటితో చెప్పొద్దని మాత్రం అనలేదు. మా ఇంటి మెట్ల మీద సాయంత్రం అయిదు దాకా ఉంటాను, రండి.