కరోల్ బాగ్‌లో నేను మింగేసిన మాట

నా చిన్నప్పుడు, నాన్న ఆఫీసుకు వెళ్ళాక మా ఢిల్లీ క్వార్టర్‌లో హిందీ బాగా వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. అమ్మకు కూరగాయల బండి దగ్గర బేరమాడేంత వచ్చు. తమ్ముడి పురిటికని గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మకు అదీ రాదు. అందుకని తొమ్మిదేళ్ళ నేను పాలవాడితోనూ పక్కింటి ఆంటీతోనూ ఆవిడ తరఫున మాట్లాడేదాన్ని. ఆ పెద్దరికం మొదట్లో బాగానే ఉండేది. నెల తిరగకుండానే విసుగొచ్చింది. ఒకరి మాట మోసుకెళ్ళి ఇంకొకరికి అప్పజెప్పేంత ఓపిక నాకు లేదు.

తమ్ముడు పుట్టిన మూడు వారాలకు అమ్మకు నిద్ర పట్టడం మానేసింది. పిల్లవాడు పడుకున్నా ఆమె గదిలో అటూ ఇటూ తిరిగేది. చిన్న మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. అమ్మమ్మకు ఆకులూ వేర్లూ తెలుసు. సొంత ఊళ్ళో అయితే తన చేత్తో కోసి, ఎండబెట్టి, దంచి ఇచ్చేది. ఇక్కడి మొక్కలు ఆవిడ పోల్చుకోలేకపోయింది. కరోల్ బాగ్‌లో మూలికల కొట్టు ఉందని ఎవరో చెబితే ఒక మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

కొట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. క్వార్టర్ల వెనక నా స్నేహితురాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఉంటారని నాకు కాలు నిలవడం లేదు. "పాలిచ్చే తల్లికి అని మరీ మరీ చెప్పవే," అంది అమ్మమ్మ. నిద్ర పట్టడానికి పొడి కావాలని మాత్రం చెప్పాను నేను. కొట్టతను మంచివాడే. పొట్లం కడుతూ ఆగి, "బచ్చే కో దూధ్ పిలాతీ హై క్యా?" అన్నాడు, పిల్లాడికి పాలిస్తోందా అని. అవునంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాడు, మళ్ళీ ఆలస్యమవుతుంది అనుకున్నాను.

"నహీ భయ్యా," అనేశాను.

"ఏమంటున్నాడే?" అని అమ్మమ్మ అడిగితే, అంతకుముందు అతను చెప్పిందే అప్పజెప్పాను, రోజుకు రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో వేసుకోమంటున్నాడని.

ఆ రోజు నుంచి అమ్మ నిద్రపోయింది. తమ్ముడూ నిద్రపోయాడు. వాడి ఏడుపు తగ్గిందని మేమంతా సంతోషించాం కూడా. మూడో రోజు పొద్దున గుడ్డలు ఆరేస్తున్న అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. రోజూ దండెం నిండిపోయేది, ఆ రోజు తడిసినవి రెండే. గబగబా లోపలికొచ్చి వాడి అరికాలు గిల్లింది. వాడు సగం కళ్ళు తెరిచి మూసుకున్నాడు. రొమ్ముకు పెడితే రెండు గుటకలు వేసి వదిలేశాడు.

నాన్న అప్పటికే వెళ్ళిపోయాడు. పిల్లవాణ్ణి తీసుకుని ముగ్గురం ఆటోలో డిస్పెన్సరీకి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ వాణ్ణి పరీక్షించి, మందులేమైనా వాడుతున్నారా అని అమ్మను అడిగింది. అమ్మ లేదంది. అది అబద్ధం కాదు, ఆ పొడిని మందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అమ్మమ్మకు ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. అమ్మమ్మ సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"నేనే తెచ్చి ఇచ్చానని చెప్పు. ఒక్క మాట వదలకుండా చెప్పవే."

చెప్పాను. చెప్పాక, కొట్టతను అడిగిందీ నేను కాదన్నదీ కూడా నోట్లోంచి వచ్చేశాయి. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఏమన్నావని అమ్మమ్మ అడిగితే అదే మళ్ళీ తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చెంప మీద దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. అమ్మమ్మ నన్ను దగ్గరకు లాక్కుని డాక్టరమ్మతో, "బచ్చీ నహీ. మై," అంది. పిల్ల కాదు, నేను అని. ఆవిడ నోట నేను విన్న మొదటి హిందీ మాటలవి.

డాక్టరమ్మ పొడిని కాగితం మీద పరిచి చూసింది. "ఇందులో ఏమేం కలిపారో నాకూ తెలియదు. దీనివల్లే అని గట్టిగా చెప్పలేను, కాదనీ చెప్పలేను. ముందు ఇది మానెయ్యండి," అంది. తల్లి తిన్నదానిలో కొంత పాలలోకి చేరుతుందని, ఇంత పసివాడికి ఆ కొంచెమే ఎక్కువ కావచ్చని, మొక్కలదైనా మందు మందేనని నాచేత చెప్పించింది. అమ్మకు నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం కూడా మొదటే వచ్చి చెప్పాల్సిన సంగతులేనంది. అప్పుడే పెద్దాసుపత్రికి పంపించింది.

రెండు రోజులు వాణ్ణి అక్కడ ఉంచుకున్నారు. అమ్మ పాలు పిండి ఇస్తే నర్సు చెంచాతో పట్టేది. నేను వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. కూర్చుంటే వాడికేదో అయిపోతుందనిపించేది. మూడో రోజు పొద్దున పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చాడు. అమ్మ కూడా ఏడ్చింది.

ఇంటికొచ్చాక అమ్మమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "తెలియని ఊళ్ళో తెలియని పొడి కొని, తొమ్మిదేళ్ళదాని మాట మీద నా కూతురికి పట్టాను. తప్పు నాదే. నువ్వు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో. తెలియకపోతే తెలియదను. చెప్పే ఓపిక లేకపోతే లేదను. ఊరికే ఒక మాట అనెయ్యకు." అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్నామధ్య గురుగ్రామ్‌లో మా కోడలు పాలు పెరగడానికని ఫోన్లో ఒక పొడి డబ్బా తెప్పించుకుంది. "నాచురలే కదా అత్తయ్యా," అంది. నేను వాదించలేదు. డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఆ డాక్టరు డబ్బా వెనకాల రాసిందంతా చదివి, ఇది వద్దు, పాలు చాలడం లేదని ఎందుకు అనుకుంటున్నావో చెప్పమని కోడల్ని కూర్చోబెట్టింది. ఆ ప్రశ్నలన్నీ అయ్యేదాకా నేను కదలకుండా కూర్చున్నాను.

ఆ తమ్ముడు ఇప్పుడు తాతయ్యాడు. అయినా ఫోన్లో వాడి గొంతు కాస్త మగతగా వినిపిస్తే నా గుండె జల్లుమంటుంది. ఒంట్లో బాగుందా అని రెండుసార్లు అడిగి, రెండుసార్లూ జవాబు పూర్తిగా విన్నాకే ఫోను పెడతాను.