ఉత్త సంచి

పందొమ్మిది వందల అరవైల మొదట్లో, రైతు కుటుంబాలకు విత్తనాలిచ్చే ఒక సేవా సంఘం తరఫున గుంటూరు నుంచి దేవరకొండ వైపు వెళ్లాను. కరువు తర్వాత అప్పుడే వాన పడింది. ఒక పల్లెలో నేనిచ్చిన జొన్న విత్తనాన్ని ఒక అవ్వ చేటలోకి ఒంపుకుని, చాలాసేపు చేత్తో నిమురుతూ కూర్చుంది.

"దాసుకున్న జొన్న ఇత్తనాలు గూడ తిన్నం బిడ్డా. ఆకలైతాంటే ఏం జేస్తం? గీ వాన పదును ఆరిపోతే చేను పడావు, బీడే అనుకున్న," అంది.

ఖాళీ సంచి కోసం చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"జర ఆగు సారూ. ఉత్త సంచి ఎట్లిస్త?"

"ఇది ఊరికే ఇచ్చేదే అవ్వా. బదులేమీ అక్కర్లేదు."

"నువ్వు ఊకెనే ఇస్తివి, మంచిదే. ఉత్త సంచి పంపితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

లోపలికి వెళ్లి, చూరులో దోపిన గుడ్డమూట తెచ్చి విప్పి, గుప్పెడు ఆనపగింజలు, అంటే సొరకాయ విత్తనాలు, సంచిలో వేసింది.

"మీ ఇంటామెకియ్యి. కాయలు కాయకుంటే వచ్చి నన్ను తిట్టుమను."

నా భార్యకు తిట్టే అవసరం రాలేదు. ఏటా ఒక కాయను తీగకే ఎండనిచ్చి గింజలు దాచేది. ఇన్నేళ్లూ ఆ పాదు మా పెరట్లో ఉంటూనే వచ్చింది.

ఈ ఏడు ఆమె లేదు. కాయ ఎండాక నేనే పగలగొట్టాను. ఆమె పోయిన వారంలో ఎదురింటివాళ్లు కూర పంపిన గిన్నె ఇంకా మా వంటింట్లోనే ఉంది. దాన్ని కడిగి తుడిచి, అందులో గింజలు వేసి, తీసుకెళ్లి ఇచ్చాను.