ఆపమన్న మనిషి

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ళ ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, విశాఖ ఓడరేవులో ఉక్కు సరుకు ఓడలకెక్కించే ఒక కాంట్రాక్టు సంస్థలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాను. పేరుకు ఆఫీసరునే గానీ, నా అధికారం హెల్మెట్ పెట్టుకోమని బతిమాలేంత వరకే. పని ఆపించాలంటే మేనేజరు ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోవాలంటే నేను బేరమాడాలి. అది నాకు కొత్త కాదు. తగరపువలసలో మా నాన్నది కిరాణా కొట్టు. ప్రార్థనలో కూడా పది అడిగితే ఐదైనా రాకపోతుందా అనే రకాన్ని నేను.

క్రేను ఆపరేటరు పైన క్యాబిన్‌లో ఉంటాడు. కింద ఏం జరుగుతోందో అతనికి సరిగా కనబడదు. అందుకని కింద నిలబడే సిగ్నల్‌మ్యాన్ ఒక్కడి చేతి సైగలే పాటించాలి. ‘ఆపు’ అనే సైగ మాత్రం ఎవరు చేసినా చెల్లుతుంది, ఊడ్చేవాడు చేసినా సరే. రెండు చేతులూ అడ్డంగా బారచాపితే బరువు ఎక్కడిదక్కడ ఆగిపోవాలి.

మా సిగ్నల్‌మ్యాన్ దానియేలు. కూర్మన్నపాలెంలో మేం వెళ్ళే చర్చిలో ఆదివారాలు చాపలు పరిచేది అతనే. బరువు కింద మనుషులు కనబడితే చాలు, చేతులు చాచేసేవాడు. ఓడ ఆలస్యమవుతోందని మేనేజరు విసుక్కునేవాడు. క్రేను ఆపరేటరు అప్పలనాయుడికి అదో వేళాకోళం.

“ఏటి బావా, పట్టపగలే సిలువెక్కీసినావేటి? దిగు, టీ తాగొద్దాం!”

“కిందోల్లని పక్కకెల్లమను బావా, దిగిపోతాను,” అని నవ్వేవాడు దానియేలు.

చివరికి మేనేజరు అతన్ని తీసేస్తానన్నాడు. అతని ఇల్లు నడిచేది ఆ కూలి మీదే. నేను బేరం పెట్టి, ఓడలు ఆగే బెర్తు ఊడ్చే పని ఇప్పించి, గొప్ప లాభం తెచ్చినట్టు చెప్పాను. “అలాగే సార్,” అని అతను చీపురు అందుకున్నాడు.

కొన్నాళ్ళకు, ఊడుస్తూ తలెత్తి చూశాడు. గాలిలో ఇనుప కమ్మీల కట్ట ఒకవైపుకు ఒరిగినట్టుంది. కింద నలుగురు కూలీలున్నారు. కొత్త సిగ్నల్‌మ్యాన్ దించమంటున్నాడు. దానియేలు చీపురు పారేసి చేతులు చాచాడు. అప్పలనాయుడు ఆపాడు. కూలీలు తప్పుకున్నాక కట్టను దించారు. ఏమీ కాలేదు.

ఆ ఏమీ కాకపోవడమే అతని కొంప ముంచింది. జారేదా అని మేనేజరు నన్నడిగాడు. కట్టకు చుట్టిన ఇనుప తాడు కొంచెం పక్కకు జరిగి ఉంది. జారేదేమో, జారకపోనూ వచ్చు. నేలకు దిగిన బరువును చూసి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. అదే అన్నాను. పని చెడగొట్టినందుకు దానియేలు గేటు పాసు రద్దు చేయమన్నాడు మేనేజరు. మళ్ళీ బేరం. పొరపాటు పడ్డానని దానియేలు ఒక్క మాటంటే ఉద్యోగం నిలబడుతుంది.

“తప్పయిపోనాదని అనీడం నాకు బరువుగాదు సార్. గానీ రేపింకోడు సెయ్యెత్తడానికి బయపడతాడు. ఆ మాట నానెలాగంతాను?”

“మరి ఇంట్లో ఏటి తింటారయ్యా? ఇంత ప్రార్థన చేస్తావు, దేవుడేం చేశాడు?”

“ఏటి సేత్తన్నాడో నాకేటి తెలుసు సార్? కనిపెట్టుకుని ఉంటాను.”

తర్వాత పెందుర్తిలో ఇటుకల లారీలకు లోడింగు పనికి పోయాడు. చర్చిలో చాపలు మాత్రం మానలేదు. నడుము వంగక, మోకాళ్ళ మీద జరుగుతూ పరిచేవాడు. మేనేజరు ఆరోగ్యం కోసం పేరు పెట్టి ప్రార్థించేవాడు. పక్కనే కళ్ళు మూసుకుని నేను అదే పేరు మీద వేరే రకం ప్రార్థన చేసుకునేవాణ్ణి. మేనేజరుకు ప్రమోషన్ వచ్చింది.

చాలా రోజుల తర్వాత టీ దుకాణం దగ్గర అప్పలనాయుణ్ణి అడిగాను, ఆ కట్ట జారేదేనా అని.

“నాకూ తెల్దు సార్. పైనుంచి అగుపడదు గదా. దానియేలు బావ సెయ్యి సాపితే ఆపీడమే.”

మరి ఆ మాట ఆ రోజే మేనేజరుతో ఎందుకనలేదన్నాను. “నాకూ పిల్లలున్నారు సార్,” అని, గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

కొట్లో పెరిగినవాణ్ణి, తూచి చూపించనిదే ఏ సరుకూ నమ్మను. కానీ మా వృత్తిలో చేసిన మంచికి రుజువు ఉండదు. జరగని ప్రమాదాన్ని ఎవరికీ చూపించలేం. ఆ నలుగురు కూలీలు ఆ సాయంత్రం ఇళ్ళకు వెళ్ళారు. తమకేదైనా తప్పిందో లేదో వాళ్ళకూ తెలియదు. తెలియకపోయినా చేతులు చాచాలి, అందులో బేరానికి చోటు లేదు. మిగిలిన సర్వీసంతా, కొత్తగా చేరినవాళ్ళకు మొదట ఆ సైగే నేర్పాను. దానివల్ల ఉద్యోగం పోవచ్చని కూడా చెప్పాను.