మైక్ ఎందుకు బంద్ పెట్టినవ్?

కిషన్‌బాగ్ పాల లలితమ్మకు ఒక జబ్బుంది. డాక్టర్లు నయం చేసేది కాదు. ఏ సంగతైనా సరే, అడిగి తెలుసుకోకపోతే ఆమెకు అన్నం సయించదు. పొద్దున్నే గిన్నెలు పట్టుకుని దొడ్డి ముందు నిలబడేవాళ్లు పాలతోపాటు నాలుగు ప్రశ్నలు కూడా పోయించుకుని వెళ్లాల్సిందే. మీ కోడలు ఎందుకలిగింది, పెట్రోల్ లేని స్కూటర్ ఎట్లా నడుస్తుంది, ఆ బల్దియా ఆఫీసు ఆయన ఏమన్నాడు! విసుక్కునేవాళ్లున్నారు గానీ పాలు మానేసినవాళ్లు లేరు. పాలు అంత చిక్కన మరి.

అలాంటి మనిషి కూతురి చేతిలో ఫోన్ ఉంటే ఊరుకుంటుందా? స్రవంతి డిగ్రీ చదువుతోంది. సాయంత్రం పాలు పితకడం అయ్యాక ఫోన్‌లో యుద్ధం ఆట పెట్టుకుంటుంది. నలుగురు జట్టుకట్టి విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు, ఎదురైన జట్లను కాల్చుకుంటూ పోతారు. లలితమ్మ పక్కన చేరి వెల్లుల్లి ఒలుస్తూ ఆరా తీసేది. చచ్చినవాడు మళ్లీ ఎట్లా లేస్తాడు? వాళ్లకు ఆకలి కాదా? నిజానికి ఆట కన్నా ఆమెకు కూతురి గొంతు ముద్దు. "ఎడమకు రాన్రి, ఇంటి ఎన్క ఉన్నడు" అని స్రవంతి మైక్‌లో కేకేస్తే మగపిల్లలు మారుమాట లేకుండా వినేవారు. జట్టుకు కెప్టెన్ ఆమే. వచ్చే నెల పెద్ద పోటీ కూడా ఉంది.

ఒక సాయంత్రం ఆ గొంతు వినపడలేదు. పిల్ల పెదవి కదపకుండా ఆడుతోంది.

"మైక్ ఎందుకు బంద్ పెట్టినవ్?"

"ఊకెనే."

ఊకెనే అంటే ఊరుకునే మనిషా! కూతురి చెవిలోని ఇయర్‌ఫోన్ లాగి తన చెవిలో పెట్టుకుంది. ఎవరిదో మగగొంతు. మొదట ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాకపోయినా బాగుండేదనిపించింది. బర్రెలదానా అంటున్నాడు, పేడకంపు అంటున్నాడు, పిల్ల ఒంటి గురించి నోట పలకలేని మాటలంటున్నాడు. కెప్టెన్‌గా తప్పుకోకపోతే ఆమె ఫోటోను బూతుబొమ్మకు అతికించి గ్రూపుల్లో వేస్తానంటున్నాడు. లలితమ్మకు ఒళ్లంతా మండిపోయింది.

వాడు రాహుల్. పై గల్లీ ఆండాలు కొడుకు, గడ్డాలు మీసాలు వచ్చిన మనిషి. మొన్నటిదాకా కెప్టెన్ వాడే. మిగిలిన ఇద్దరూ స్రవంతి వైపు మొగ్గాక వాడికి కన్నుకుట్టింది. నెల రోజులుగా మిగిలిన ఇద్దరూ లేనప్పుడు ఇదే వరస, ఆట అయ్యాక వాయిస్ మెసేజ్‌లు కూడా పెడుతున్నాడని పిల్ల అప్పుడు చెప్పింది.

సంగతి విన్న తండ్రి బాలరాజ్, ఫోన్ లాక్కుంటే లొల్లే ఉండదన్నాడు. తిట్టినవాడి ఫోన్ వాడి జేబులో ఉండగా తిట్లు పడ్డదాని ఫోన్ ఎందుకు లాక్కోవాలని లలితమ్మ అడిగింది. ఆయన క్యాన్లు బండికి కట్టుకుని పత్తర్‌గట్టి హోటళ్లకు పాలు పోయడానికి వెళ్లిపోయాడు.

బస్తీలో ఒక పద్ధతుంది. బిడ్డల మీద ఫిర్యాదు ముందు తల్లి దగ్గరికే పోవాలి. తల్లి ఎదుట మాట తెగాక రెండు వైపులవాళ్లూ అంతా తుడిచేసుకోవాలి, మళ్లీ ఆ ఊసెత్తకూడదు. లలితమ్మ ఈనిన బర్రె జున్నుపాలు గిన్నెలో పోసుకుని ఆండాలు గడప తొక్కింది. ఆండాలు తన కొడుకు ఫోన్‌లో ఆ మెసేజ్‌లన్నీ విన్నది, వాడి చెంప ఛెళ్లుమనిపించింది. రాహుల్ ఏడ్చి, తల్లి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, ఉన్నదంతా చెరిపేశాడు. పద్ధతి ప్రకారం లలితమ్మ కూడా కూతురి ఫోన్‌లో ఉన్నదంతా చెరిపించింది. వద్దమ్మా అని స్రవంతి బతిమాలినా వినలేదు.

వారం తిరగలేదు. ఏదో కొత్త పేరుతో జట్టు గ్రూపులో ఫోటో పడింది. మొహం స్రవంతిది, ఒళ్లు ఎవరిదో. పిల్ల పోటీకి రానని చెప్పేసి మంచమెక్కింది.

లలితమ్మ ఠాణాకు వెళ్లింది. అక్కడ నందిని అనే ఎస్సై ఓపిగ్గా విన్నది. ఇక్కడ కూడా లలితమ్మ జబ్బు దాగలేదు.

"ఆటల తిడితే అది కూడ ఆటనే అంటరా మేడం?"

"ఆటల చంపితే ఆట అమ్మా. తిడితే నిజంగ తిట్టినట్టే."

ఆడపిల్లను కించపరిచే మాట గల్లీలో అన్నా ఫోన్‌లో అన్నా నేరమేనట. వద్దన్నా వెంటపడటం ఒక కేసు, బూతు బొమ్మ పెట్టడం ఇంకో కేసు. కొత్త పేరు వెనక ఎవరున్నారో కంపెనీని అడుగుతారు గానీ టైం పడుతుంది. ఈలోపు పాత మెసేజ్‌లు చూపించమంది నందిని. లలితమ్మ తల దించుకుని చెరిపిన సంగతి చెప్పింది.

"ఫోనే సాక్షి అమ్మా. ఆ సాక్షిని మీరే పంపిచ్చేసిన్రు. ఇంట్లోల్లు కాకుండ ఇంకెవరన్న విన్నరా?"

విన్నది ఒక్కతే. ఆండాలు.

మర్నాడు ఆండాలు ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని వచ్చింది. లలితమ్మ పాలు పోసింది. జన్మలో మొదటిసారి నోట ప్రశ్న రాలేదు. ఎట్లా వస్తుంది? ఏ తల్లినైనా కొడుకు మీద సాక్ష్యం చెప్పమని అడుగుతారా?

"ఏందే లలితా, ఇయ్యాల ఏమడుగుతలేవ్?"

లలితమ్మ ఫోన్ తీసి ఆ ఫోటో చూపించింది. 

"ఆనాడు విన్నది నువ్వొక్కదానివే వదినె. ఠాణల చెప్తవా?"

ఆండాలు పాలగిన్నె అరుగు మీదే వదిలేసి చరచరా వెళ్లిపోయింది. ఇక ఆ ఇంటితో మాటలు లేవనుకుంది లలితమ్మ. పిల్లకు న్యాయమూ లేదు, ఉన్న చుట్టరికమూ పోయిందని ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. గిన్నె మీద మూత పెట్టి బర్రెలకు దాణా కలుపుతూ కూర్చుంది.

పొద్దెక్కాక ఆండాలు మళ్లీ వచ్చింది. చీర మార్చుకుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కొంగులో కొడుకు ఫోన్ చుట్టి ఉంది.

"ఆ ఫోటో దీంట్లనే ఉన్నది. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండే లలితా. నా తల మీద," అంది. "ఠాణ ఎటు దిక్కు?" అని అడిగింది.

లలితమ్మ నోరు తెరిచేలోపే లోపలినుంచి స్రవంతి వచ్చి చెప్పులేసుకుంది. ముగ్గురూ నడిచారు. గల్లీ చివర ఆండాలు ఎటు తిరగాలో తెలియక ఆగిపోయింది. అప్పుడు ముందు నడుస్తున్న పిల్ల వెనక్కి తిరిగి, గల్లీ అంతా వినపడేలా కేకేసింది.

"ఎడమకు రాన్రి."