వసంతకుమారి పెట్టిన టీ

వసంతకుమారి నోరున్న మనిషి. ఆస్ట్రేలియాలో, గిరావీన్ చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునే మా తెలుగు క్రైస్తవుల్లో ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. రేపల్లె దగ్గర మాలపల్లెలో పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, భర్త గిడియన్‌తో వచ్చి వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్లో కాపురం పెట్టింది. ఆసుపత్రిలో ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసి, మిగిలిన పొద్దంతా కొత్తగా వచ్చినవాళ్ళకి ఇళ్ళూ ఉద్యోగాలూ వెతికిపెట్టేది. ఎవరికైనా అన్యాయం జరిగిందంటే చాలు, కొంగు బిగించి బయల్దేరేది. నాకావిడంటే ఇష్టమే, కాస్త భయం కూడా.

1991 చలికాలంలో ఆవిడ వార్డులో ఒక జిప్సీ ముసలాయన చేరాడు. గుండెకి ఆపరేషన్ చెయ్యాలి. ఆ కుటుంబం కారవాన్లనే చక్రాల ఇళ్ళలో ఊరూరా తిరుగుతూ బతికేది. ఆపరేషన్ కోసమని దగ్గర్లోని ఒక కారవాన్ పార్కులో దిగితే, జిప్సీలని తెలియగానే పార్కు యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. "ఇంకెక్కడా చోటివ్వడం లేదు. ఊరొదిలి వెళ్ళాలంటే ఈయన్నిక్కడ ఒంటరిగా వదిలెయ్యాలి" అని ముసలాయన భార్య మిలేవా వార్డులో ఏడ్చింది. మా చర్చి హాలు వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడుండండి అని వసంతకుమారి మాట ఇచ్చేసింది. మమ్మల్ని ఒక్క మాట అడిగితే ఒట్టు.

చర్చి పాస్టరు ఆస్ట్రేలియన్, నెమ్మదస్తుడు. హాలు వాడుకునేది మీరే కాబట్టి మీ తెలుగు కమిటీ సరేనంటే నాకూ సరేనన్నాడు. మా కమిటీ అంత తేలిగ్గా సరేనంటుందా!

"దేశదిమ్మరోళ్ళమ్మా వాళ్ళు. కార్‌పార్కులో మన పిల్లలు ఆడుకుంటుంటారు. ఏదన్నా అయితే రెస్పాన్సిబిలిటీ ఎవరిది?" అన్నాడు కమిటీ పెద్ద కృష్ణమూర్తి అంకుల్.

"అసలు క్లీన్‌గా ఉంటారంటావా?" అంది లలితకుమారి ఆంటీ.

వసంతకుమారి లేచి నిలబడింది. "మా తాతకి టీ హోటల్లో వేరే గ్లాసు ఉండేది అంకుల్. చూర్లోంచి తనే తీసుకుని, తాగి, కడిగి మళ్ళా అక్కడే పెట్టాల. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిద్ది నాకు. ఇంత దూరం వచ్చి మనమూ అదే పని చేస్తామా? వచ్చే సండే వాళ్ళని టీకి పిలుస్తా. ఒకసారి కలిసి కూర్చోండి, తర్వాత మీ ఇష్టం."

హాల్లో సగం మందికి అలాంటి తాతలే ఉన్నారు.

ఆదివారం మిలేవా, కొడుకు, కోడలు శుభ్రంగా తయారై వచ్చి తలుపు దగ్గరి కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. కాసేపు ఆసుపత్రి కబుర్లు నడిచాయి. కృష్ణమూర్తి అంకుల్ ముసలాయన ఆరోగ్యం గురించి అడిగాడు కూడా. ఈ గండం గట్టెక్కినట్టే అనుకున్నాను. ఇంతలో వసంతకుమారి వంటగదిలోంచి టీ ట్రే తెచ్చింది. మాకందరికీ చర్చివాళ్ళ తెల్ల కప్పులు, ఆ ముగ్గురికీ మూడు పాత మగ్గులు. ఒకదాని అంచు పెచ్చు ఊడింది. కప్పులు చాలలేదు కాబోలు అనుకున్నాను.

మిలేవా మగ్గు ముట్టుకోలేదు. తన సంచిలోంచి తెల్ల గుడ్డలో చుట్టిన మూడు కప్పులు తీసి ముందు పెట్టింది. "ఏమీ అనుకోకమ్మా, ఇందులో పొయ్యి. మేం బయటివాళ్ళ కప్పుల్లో తాగం. గిన్నెలు కడిగే తొట్లోనే గుడ్డలు కూడా పిండుతారు మీరు. మాకది పనికిరాదు" అంది ఇంగ్లీషులో.

హాలు భగ్గుమంది.

"విన్నారా! మన కప్పులు మైలంట! పిలిచి టీ ఇస్తే ఇదా మర్యాద?" అని లలితకుమారి ఆంటీ తెలుగులో అరిచింది.

"ఇంక డిస్కషన్ అక్కర్లేదు" అన్నాడు కృష్ణమూర్తి అంకుల్. "వసంతా, పిలిచింది నువ్వు. వెళ్ళిపొమ్మని కూడా నువ్వే చెప్పమ్మా."

మాటలు అర్థం కాకపోయినా మా మొహాలు చాలు కదా. మిలేవా తన కప్పుల్ని మళ్ళీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. వసంతకుమారి ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అందరూ ఆవిడ వైపే ఉన్నారు, ఆవిడకి జరిగిన అవమానానికే మండిపడుతున్నారు. నోరు మూసుకుని ఊరుకుంటే ఆవిడ పరువుకి ఏ లోటూ లేదు.

"అంకుల్, ముందు వేరు చేసింది నేను" అంది.

"ఏంటమ్మా?"

"ఆ మగ్గులు మా ఇంటివి. కప్పులు సరిపోక కాదు, లోపల ఇంకా ఉన్నాయ్. వాళ్ళు తాగాక బిన్‌లో పడేద్దామని ఇంట్లోంచే తెచ్చా." ట్రే బల్ల మీద పెట్టింది. "మీరందరూ ఫీలవుతారేమో అని, మీకోసమే అని నాకు నేను చెప్పుకున్నా. కానీ మీరెవరూ అడగలేదుగా. అది నా బుద్ధే."

అంత నోరున్న మనిషి తల వేలాడేసుకుని నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ సిగ్గు మాకు కూడా అంటుకుంది. లలితకుమారి ఆంటీ తన కప్పులోకి చూస్తూ కూర్చుంది. కృష్ణమూర్తి అంకుల్ ఎవరి వైపూ చూడకుండా, "సరే, ఆపరేషన్ అయ్యి ఆయన కోలుకునేదాకా ఉండమను" అన్నాడు. దయతో ఇచ్చిన అనుమతి కాదది, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇచ్చింది. ఎలాగైతేనేం, ఇచ్చారు.

బయట మెట్ల దగ్గర వసంతకుమారి మిలేవాకి జరిగిందంతా చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"మగ్గులు చూడగానే తెలిసింది" అంది మిలేవా. "చాలా ఇళ్ళల్లో మాకు అవే ఇస్తారు."

వసంతకుమారికి ఆ క్షణాన ఏదో ఒక ఆసరా కావాల్సొచ్చింది. "మీకూ పట్టింపు ఉంది కదా, మాకూ అలాగే..." అని నసిగింది.

"కాదమ్మా" అంది మిలేవా, కోపం లేకుండానే. "మాది అందరితోనూ. రాణీగారు పిలిచినా నా కప్పు నేను పట్టుకెళ్తాను. నీది మా ముగ్గురికే."

కారవాన్లు హాలు వెనకే ఉన్నాయి. ఆపరేషన్ అయింది, ముసలాయన కోలుకున్నాడు. లలితకుమారి ఆంటీ ఆ కోడలితో కబుర్లాడటం కూడా చూశాను. వసంతకుమారి వార్డులో ముసలాయన్ని సొంత తండ్రిలా చూసుకుంది, కారవాన్ల దగ్గరికి వెళ్ళి రోజూ పలకరించింది. వాళ్ళని మళ్ళీ టీకి మాత్రం పిలవలేదు. పిలవడానికి ఆవిడకి మొహం చెల్లలేదు.